రికార్డు గదిలో దొరికిన వయసు

ఆమధ్య ఒక కాలేజీవాళ్ళు పిలిచి, శాలువా కప్పి, "మీ రోజుల్లో పిల్లల దేహదారుఢ్యం ఎలా కొలిచేవారో చెప్పండి మేడమ్" అన్నారు. చెప్పాను. ఎత్తు, బరువు, పిడికిలి బలం, బల్ల ఎక్కి దిగే పరీక్ష, ఆరువందల మీటర్ల పరుగు. చప్పట్లు కొట్టారు. చేతికి గడియారం కట్టుకుని తమ గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తామే చూసుకునే పిల్లలు వాళ్ళు. నేను చెప్పినవి వాళ్ళకి అమ్మమ్మ కబుర్లలాగే ఉండి ఉంటాయి. తప్పులేమైనా చేశారా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. శాలువా కప్పాక ఆ ప్రశ్న ఎవరడుగుతారు లెండి. వాళ్ళు అడగని దానికే ఇక్కడ జవాబు రాస్తున్నాను. మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తే చదువుకోండి, రాకపోతే ఒక ముసలిదాని గోడు అనుకుని పేజీ తిప్పేయండి.

నాది గుంటూరు వైపు. వ్యాయామ విద్య చదివాను. డెబ్బైల చివర్లో విశాఖపట్నంలో బడిపిల్లల మీద ఒక పరిశోధన మొదలైతే అందులో ఉద్యోగం దొరికింది. ఊళ్ళో నాలుగు బడులు ఎంచుకుని, అవే పిల్లల్ని ఏటా అదే నెలలో కొలుస్తూ, ఏ వయసుకి ఎంత బలం వస్తోంది, ఎవరికి రావడం లేదు అని చూడటం పని. హార్బరు దగ్గర ఒక బడి, దువ్వాడ స్టేషను దగ్గర ఒకటి, ఉక్కు ఫ్యాక్టరీ పనులకి వచ్చిన కుటుంబాలు అప్పుడప్పుడే చేరుతున్న కూర్మన్నపాలెంలో ఒకటి, సముద్రం ఒడ్డున చేపలవాళ్ళ పేటలో ఒకటి. పైన ఒక పెద్ద డాక్టరుగారు ఉండేవారు. ఆయనకి పిల్లలకంటే వాళ్ళ గ్రాఫులంటే ఇష్టం. గీత వంకర పోతే ఆయనకి అన్నం సహించేది కాదు.

ద్వారకా నగర్‌లో ఒక మేడ మీద గది తీసుకున్నాను. ముప్ఫై దాటిన పెళ్ళికాని ఆడమనిషికి గది ఇవ్వడమే గొప్ప అన్నట్టు ఉండేది ఇంటావిడ. ఆ ఊరి మాట నాకు సగం అర్థమయ్యేది కాదు. నా మాట వాళ్ళకి అర్థమయ్యేది కానీ నచ్చేది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నా నోరు పుట్టుకతోనే గరుకు. దాంతో నాలుగేళ్ళకి పైగా ఉన్నా ఆ ఊళ్ళో నాకంటూ గుమ్మం తొక్కే ఇల్లు ఒక్కటీ ఏర్పడలేదు. ఇక ఆదివారాలు. గ్లాసుడు బియ్యం వండుకుని, సగం తిని, మిగతా సగం కాకులకి వేసి, మళ్ళీ సోమవారం ఎప్పుడొస్తుందా అని కూర్చునేదాన్ని.

నాతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండేవారు, మా సహాయకుడు. గాజువాక మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, ఇద్దరు పిల్లల తండ్రి. బస్సు కండక్టరు నుంచి హెడ్మాస్టరు దాకా మగవాళ్ళంతా ఆయనకి బావలే. నాడి లెక్కపెట్టడం, స్టాపువాచీ నొక్కడం ఆయన పని, రాసుకోవడం నా పని. మధ్యాహ్నం డబ్బా విప్పి రెండో గిన్నె నా వైపు తోసేవారు.

"ఒక్క మడిసికి ఏటి వొండుకుంతారు మేడమ్? మా ఇంటిది మీక్కూడా కట్టీసింది. సేపల పులుసు. తినండి, సిగ్గు పడకండి."

"నేను చేపలు తిననండీ."

"మరి ఈ ఊరెందుకొచ్చారండీ బాబూ!" అని తలకొట్టుకున్నారు. మర్నాటి నుంచి రెండో గిన్నెలో వంకాయ కూర ఉండేది.

అలాంటి మనిషిని నేను పెద్ద డాక్టరుగారికి పట్టించాను. జరిగింది ఇది. బల్ల ఎక్కి దిగాక నాడిని మూడుసార్లు, ఒక్కోసారి అర నిమిషం పాటు లెక్కపెట్టి, రెట్టింపు చేసి నిమిషానికి ఎంతో చెప్పాలని రూలు. ఒకరోజు గదిలో కూర్చుని చూస్తే ఆయన చెప్పిన అంకెలన్నీ నాలుగుతో శేషం లేకుండా తెగుతున్నాయి. అంటే పావు నిమిషం చూసి, నాలుగుతో హెచ్చవేసి నిమిషం లెక్క చెప్పేస్తున్నారన్నమాట. నేను రాలేక ఆయనొక్కరే వెళ్ళిన ఒక బడి పిల్లలవైతే అసలు చూడకుండానే బస్సులో నింపారని నిలదీస్తే ఒప్పుకున్నారు. ఇంట్లో పిల్లాడికి జ్వరమట, ఆరోజు తొందరగా వెళ్ళాల్సొచ్చిందట. నేను వినలేదు. కాగితం మీద పెట్టి పైకి పంపాను. ఆయనకి మెమో వచ్చింది.

"నాతో ఓ మాట సెప్తే సరిపోను కదా మేడమ్," అన్నారు ఆయన. అంతే అన్నారు. ఆ రోజు నుంచి రెండో గిన్నె లేదు. "అవును మేడమ్", "కాదు మేడమ్" తప్ప మాట లేదు. బస్సులో నేను ముందు కూర్చుంటే ఆయన వెనక. అంకెలు మాత్రం ఖచ్చితంగా వచ్చేవి. నేను చేసింది రైటే అని రోజుకి పదిసార్లు అనుకునేదాన్ని. రైటే. కానీ ఇప్పుడు నాతో మాట్లాడే మనిషి ఊరు మొత్తం మీద ఒక్కరూ లేరు.

ఇక వయసుల సంగతి చెప్పాలి, కథంతా అక్కడే ఉంది. దేహదారుఢ్యం అంటే వయసుకి తగ్గ బలం. వయసే తెలియకపోతే బలం కొలిచి ఏం లాభం? అప్పట్లో బళ్ళో చేర్చేటప్పుడు పిల్ల కుడిచెయ్యి తల మీదుగా ఎడమ చెవికి అందితే ఐదేళ్ళు నిండినట్టు. పుట్టినరోజు అడిగితే ఎవరికీ తెలియదు కనుక హెడ్మాస్టరు జులై ఒకటి అని రాసేసేవారు. మా చేపలపేట బళ్ళో రిజిస్టరు తీస్తే పేటంతా జులై ఒకటినే పుట్టింది.

దానికి నేనొక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఇళ్ళ కప్పులు లేచిపోయిన గాలివాన ఏ సంవత్సరం, ఉక్కు గొడవల్లో బస్సులు తగలబడింది ఎప్పుడు, పేటకి కరెంటు వచ్చింది ఎప్పుడు, హార్బరు కోసం కొండ పేల్చింది ఎప్పుడు, ఇలా అన్నీ రాసుకుని, తల్లుల్ని "దానికి ముందా, వెనకా?" అని అడిగి వయసు తేల్చేదాన్ని. ఇంకా అనుమానమైతే మున్సిపాలిటీ రికార్డు గదికి వెళ్ళి జనన రిజిస్టర్లు తిరగేసేదాన్ని. ఎక్కువగా సెలవుకి ముందురోజు సాయంత్రాలే వెళ్ళేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ గదికి పనికోసం ఎంత వెళ్ళానో, నా మేడగదిలో ఒంటరిగా కూర్చోలేక అంతే వెళ్ళాను. అక్కడి ముసలి గుమాస్తా "రండమ్మా, కూసోండి, ఈవేళ ఎవరి పుట్టుక?" అని పలకరించేవారు. ఒక మనిషి "రండి" అంటే ఎంత హాయో ఒంటరిగా బతికినవాళ్ళకే తెలుస్తుంది.

అలా నేను తేల్చిన వయసుని కార్డు మీద ఎర్ర సిరాతో రాసేదాన్ని. పెద్ద డాక్టరుగారు ఎవరొచ్చినా ఆ కార్డులు చూపించి, "మా అమ్మాయి తేల్చిన వయసులు ఇవి, బడి లెక్కలు కావు" అనేవారు. ఆ మాటకి వారం రోజులు గాలిలో నడిచేదాన్ని.

చేపలపేట బళ్ళో ఒక ఆడపిల్ల ఉండేది. పేరు రాయను. సన్నటి పిల్ల, ఎండకి మాడి, జుట్టు ఉప్పుగాలికి ఎర్రబారి ఉండేది. తెల్లారకముందే తండ్రి వాళ్ళతో కలిసి ఒడ్డున వల లాగి, ఆ తడిబట్టల మీదే బడికి వచ్చేది. మొదటి ఏడు పిడికిలి బలం కొలిచే పరికరాన్ని నొక్కితే ముల్లు ఎక్కడికో పోయింది. పరికరం చెడిందనుకుని మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ అంతే. ఇక పరుగులో దాని వెనక ఎవరున్నారో చూసుకోవాల్సిన అవసరమే దానికి ఉండేది కాదు. చెప్పుల్లేవు, గీతల్లేవు, ఇసకలో పరిగెత్తి మగపిల్లల్ని కూడా వెనకేసేది. అయిపోయాక నా దగ్గరకొచ్చి "ఎంతొచ్చినాది టీచరమ్మా?" అని అడిగేది. నేను అంకె చెబితే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది. నేను టీచర్ని కానని చెప్పినా వినేది కాదు. ఏడాదికోసారి కనబడే ఆ నవ్వు కోసం నేను ఆ బడి వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురు చూసేదాన్ని. పిల్లలు లేనిదాన్ని, దాచుకోవడం ఎందుకు, ఆ పిల్లంటే నాకు ప్రాణం.

మూడో ఏడు, వేరే ఊళ్ళో ఆటల హాస్టలు ఒకటి పెట్టారని, అందులో పన్నెండేళ్ళు నిండని పిల్లల్ని పరుగు పరీక్ష పెట్టి తీసుకుంటారని కబురొచ్చింది. తిండి, పాలు, గుడ్లు, చదువు, బట్టలు అన్నీ వాళ్ళవే. నేనే పరుగెత్తుకెళ్ళి హెడ్మాస్టరుకి చెప్పాను. నేనే తల్లి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఒడ్డున కూర్చుని చేపలు కోస్తోంది.

"పంపుతావా అమ్మా?"

"దూరం కదమ్మా," అంది ఆవిడ. తర్వాత కత్తి ఆపి, "ఇక్కడుంటే ఏటవుద్ది? వొచ్చే ఏడు తట్ట నెత్తికెత్తుకుంతాది. నాను ఎత్తుకోనేదా. అక్కడైతే పుస్తకం పడతాది కదా. తీసుకెల్లండి," అంది.

దరఖాస్తుకి వయసు రుజువు కావాలి. బడి లెక్క ప్రకారం పదకొండు. కానీ అది జులై ఒకటి వయసు, చెవి అందిన వయసు. గట్టి కాగితం పెడితే ఎవరూ వంక పెట్టరు కదా అని, ఆ పిల్లకి మేలు చేద్దామనే, రికార్డు గదికి వెళ్ళాను. దొరికింది. తండ్రి పేరు అదే, తల్లి పేరు అదే, పేట అదే. ఆడ శిశువు, పెద్దాసుపత్రిలో పుట్టింది. అప్పటి రిజిస్టర్లలో బిడ్డ పేరుండదు, పేరు పెట్టకముందే రాస్తారు గనక. తేదీ చూసి రెండుసార్లు లెక్కవేశాను. పదమూడేళ్ళు.

మళ్ళీ తల్లి దగ్గరికి వెళ్ళాను. నా నోటుబుక్కు తీసి, పోలీసుదానిలా అడిగాను. ఆ గొంతు నాకిప్పటికీ వినబడుతుంది.

"నీకు పిల్లలెంతమంది?"

"ముగ్గురమ్మా. ఇది పెద్దది, దీని ఎనక ఇద్దరు గుంటలు."

"పెద్దాసుపత్రిలో ఎప్పుడైనా పురుడు పోసుకున్నావా?"

ఆవిడ చెయ్యి ఆగింది. "పోసుకున్నాను."

"ఆడపిల్లేనా?"

"ఆడపిల్లే. ఆ మాటెందుకమ్మా ఇప్పుడు?" అని మొహం అటు తిప్పుకుని మళ్ళీ చేపలు కోయడం మొదలుపెట్టింది.

పట్టుబడింది కనుక మొహం తిప్పుకుంది అనుకున్నాను. సీటు కోసం వయసు తగ్గించి చెబుతున్నారు, అందరూ చేసేదే, అనుకున్నాను. ఇంకొక్క మాట అడిగినా సరిపోయేది. అడగలేదు.

రెండు రోజులు నిద్ర లేదు. ఆ కాగితం నేను చూసినట్టు ఎవరికీ తెలియదు. కార్డు మీద ఎర్ర సిరా పెట్టకుండా వదిలేస్తే చాలు. కానీ మొన్నటికి మొన్న ఒక మనిషి అంకెలు తప్పు రాశాడని మెమో ఇప్పించినదాన్ని, ఇవాళ నాకిష్టమైన పిల్ల అని అంకె దాచిపెడితే నేనేం మనిషిని? బస్సులో వెనక కూర్చున్న ఆయన మొహం గుర్తొచ్చేది. చివరికి ఎర్ర సిరాతో పదమూడు అని రాశాను. రాసి, ఎంత నిజాయితీపరురాలినో అనుకుని ఏడ్చాను.

ఎంపిక రోజున మైదానంలో పిల్లలు, తల్లులు, హాస్టలు నుంచి వచ్చిన అధికారి, మా పెద్ద డాక్టరుగారు. మా సహాయకుడు స్టాపువాచీతో గీత దగ్గర నిలబడ్డారు. పిల్లలందరిలో ముందు ఎవరొచ్చారో చెప్పక్కర్లేదు. దానికంటే తల ఎత్తున్న మగపిల్లలు కూడా దాని వెనకే వచ్చారు. అధికారి లేచి నిలబడి చూశాడు. "ఎవరీ పిల్ల?" అని కాగితాలు తీయించాడు. బడి కాగితంలో పదకొండు, మా కార్డులో పదమూడు.

"ఏది నిజం?" అని అడిగాడు.

పెద్ద డాక్టరుగారు గర్వంగా నా వైపు చూపించారు. నేను ముందుకొచ్చి, "మా కార్డేనండి. మున్సిపాలిటీ రికార్డు చూశాను," అన్నాను.

తల్లి చేతులు జోడించింది. "నేదు బాబూ, మా తెప్ప ఇరిగిపోయిన ఏడు కాదు, ఆ తరవాతేడు పుట్టినాది. పదకొండే."

వాళ్ళ తెప్ప విరిగిన ఏడు నా నోటుబుక్కులో లేదు. ఒక ఇంటి తెప్ప ఊరందరికీ గుర్తుండే సంగతి కాదు కదా. "కాగితంలో అలా లేదమ్మా," అన్నాను.

ఆ పిల్ల ఇంకా రొప్పుతూనే ఉంది. నా కళ్ళలోకి చూసి, "నాకు పదకొండే టీచరమ్మా," అంది. ఈసారి ఎంతొచ్చిందని అడగలేదు.

మా సహాయకుడు ఒకడుగు ముందుకి వేసి ఏదో అనబోయారు. నేను ఆయన కేసి చూశాను. మీరా నాకు లెక్కలు చెప్పేది అన్నట్టే చూసి ఉంటాను. ఆయన ఆగిపోయారు. అధికారి ఆ కాగితాలు పక్కన పెట్టి తర్వాతి పేరు పిలిచాడు. తల్లి పిల్ల భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయింది. పోతూ నన్నొక్క మాటైనా తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ రోజు పెద్ద డాక్టరుగారు నన్ను తన కారులో ద్వారకా నగర్ దాకా దింపి, "నీలాంటి వాళ్ళు పదిమందుంటే ఈ దేశంలో లెక్కలన్నీ తిన్నగా ఉంటాయమ్మా," అన్నారు. మెట్లెక్కి గదిలోకొచ్చి ఎవరితో చెప్పాలో తెలియక గోడ కేసి చూస్తూ కూర్చున్నాను.

మరుసటి ఏడు పెద్ద డాక్టరుగారు కార్డులో కొత్త గడి ఒకటి చేర్పించారు, పళ్ళ లెక్క. వెనక వైపు రెండో పెద్ద దంతం సుమారు పన్నెండేళ్ళకి వస్తుంది. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకి అది పూర్తిగా వచ్చేసి ఉంటుంది. చేపలపేట బళ్ళో ఆ పిల్ల వంతు వచ్చింది. అప్పటికి అది బడికి రావడం దాదాపు మానేసింది. ఆరోజు హెడ్మాస్టరు కబురు పెడితే వచ్చింది. నోరు తెరవమన్నాను. వేలితో తడిమి చూశాను. చిగురు చీల్చుకుని ఆ దంతం అప్పుడే తల ఎత్తుతోంది.

నా లెక్క ప్రకారం దానికి అప్పుడు పద్నాలుగు.

ఒక్కొక్కరికి ఆలస్యంగా రావచ్చు, అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఎత్తు చూశాను. పదకొండు, పన్నెండేళ్ళ మధ్య ఆడపిల్లలు సాగే సాగుడు ఆ ఏడే సాగింది. మిగతా పిల్లలు ఉన్నారని పని ముగించి, అందరూ వెళ్ళాక వరండా మీద కూర్చుండిపోయాను. మా సహాయకుడు బల్ల మడిచి గోనె చుడుతున్నారు. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి నేనే ఆయన్ని పిలిచాను.

"ఒకసారి ఇలా రండి. ఆ పిల్ల వయసు నేను తప్పు రాశానేమో."

ఆయన బల్ల కింద పెట్టి, కాస్త దూరంగా కూర్చున్నారు.

"ఆ గుంట పేరు సూసినప్పుడే తెలిసిపోద్ది కద మేడమ్."

"పేరులో ఏముంది?"

"మీ దేశంలో ఏటంతారో నాకు తెల్దు. మా కాడ, ముందు పుట్టిన పిల్ల దక్కనేదనుకోండి, తరవాత పుట్టినదాన్ని తవుడుకి అమ్మీసి, మల్లీ తవుడిచ్చి కొనుక్కుంతారు. మనది కాదు, కొన్న పిల్ల అని దేవుడికి సెప్పడవన్నమాట. ఆ పేరే పెడతారు. ముక్కు సూడనేదా, పుట్టగానే కుట్టీసిన మచ్చుంతాది. మా పేటల్లో సిన్నపిల్లడినడిగినా సెప్తాడు, దీని ముందు ఒకటి పుట్టి పోనాదని."

నాలుగేళ్ళు ఆ పేరు పిలిచాను నేను. కార్డుల మీద రాశాను. ఈ ఊళ్ళో ఇలాంటి పేర్లు ఉంటాయి కాబోలు అనుకున్నాను. మా వైపు పెంటమ్మలు, పుల్లమ్మలు ఉన్నారు, ఎందుకుంటారో నాకు బాగా తెలుసు. ఇక్కడ తవుడని నాకు తెలియలేదు. అడగడానికి మనిషిని మిగుల్చుకోలేదు.

"మరి మీకు తెలిసి ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"ఆ రోజు గ్రౌండులో సెప్పబోయాను. మీరు సూసిన సూపుకి నోరు పడిపోనాది." తల దించుకున్నారు. "అయినా సెప్పాల్సింది. నాకూ పౌరుషమొచ్చినాది మేడమ్. పడనీ, ఆవిడ అంకెలు ఆవిడే సూసుకోనీ అనుకున్నాను. గుంట సంగతి మర్సిపోనాను."

మా మధ్య మాట లేకపోవడం వల్ల పోయింది మా ఇద్దరి సొమ్మూ కాదు.

ఇక్కడ కొత్తవాళ్ళకి ఒక్క ముక్క చెబుతాను, పాఠం అనుకున్నా సరే. నా ఫారంలో "పిల్లలు ఎంతమంది?" అని ఉండేది. ఏ తల్లీ పోయిన బిడ్డని పిల్లల లెక్కలో చెప్పదు. "కాన్పులు ఎన్ని?" అని అడగాలి. పిల్లల్ని కన్న ఏ ఆడమనిషైనా ఆ ప్రశ్నే అడిగి ఉండేది. నాకు తట్టలేదు.

పేటకి నడుచుకుంటూ వెళ్ళాను. ఆయన వస్తానన్నారు, వద్దన్నాను. తల్లి గుడిసె ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. కూర్చుని అడిగాను. "అమ్మా, నీకు కాన్పులెన్ని?"

ఆవిడ నన్ను పరిశీలనగా చూసింది. "నాలుగు," అంది.

"పెద్దాసుపత్రిలో పుట్టిన పిల్ల?"

"అదే మొదటిది. ఏడో నెల్లో జొరమొచ్చి పోనాది. దీన్ని ఇంటికాడే కన్నాను, మా అత్త పురుడు పోసినాది." ఆవిడ చేపలు తిరగేయడం ఆపింది. "ఆ రోజు దాని మాటెత్తారు మీరు. నాకు పేనం ఉసూరుమన్నాది. ఎందుకడిగారో తెల్దు."

నేను తప్పు చేశానని చెప్పాను. ఆ చనిపోయిన పిల్ల తేదీ తీసుకొచ్చి బతికున్న పిల్లకి అంటించానని చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. ఏడుస్తూనే చెప్పాను. నన్ను కొట్టినా పడేదాన్ని.

ఆవిడ అంతా విని, "అయితే దాని పుట్టుక కాగితమ్మీద రాసుందా అమ్మా?" అంది.

"ఉంది."

"ఏ వారం పుట్టినాదని ఉంది?"

వారం రాయరు. తేదీ ఉంది. తేదీని బట్టి వారం లెక్కకట్టి చెప్పగలను. వేళ్ళ మీద లెక్కపెట్టి, "గురువారం," అన్నాను.

"గురువారం," అని ఆవిడ తనలో తాను అనుకుంది. "నాకు గుర్తునేదు. నెప్పుల్లో ఉన్నాను కదా. సచ్చిపోనాక దానికి ఏటీ మిగల్నేదనుకున్నాను." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ కాగితం నాకు ఒకటి తెచ్చి పెడతారా?"

తెస్తానన్నాను. తెచ్చి ఇచ్చాను కూడా. గుమాస్తా చేత నకలు రాయించి, ముద్ర వేయించి తీసుకెళితే ఆవిడ రెండు చేతులతో పుచ్చుకుంది. నా ఉద్యోగంలో నేను తేల్చిన వయసుల్లో ఎవరికైనా పనికొచ్చింది అదొక్కటేనేమో.

పళ్ళ లెక్క, తల్లి చెప్పిన కాన్పుల వివరం జతచేసి హాస్టలు వాళ్ళకి ఉత్తరాలు రాశాను. పెద్ద డాక్టరుగారి చేత సంతకం పెట్టించాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. "ఆ ఒక్క కార్డూ తీసేద్దాం, వయసు అనుమానమని రాసేసి," అన్నారు. అనుమానం పిల్ల వయసు మీద కాదండీ, కొలిచిన నా మీద అని ఆయనతో గొడవపడ్డాను. ఆయన మొహం ముడుచుకునే సంతకం చేశారు. జవాబు రావడానికి నెలలు పట్టింది. మర్యాదగానే రాశారు. మీరు పంపిన కొత్త రుజువు ప్రకారం గత ఏడాది అమ్మాయి అర్హురాలే, ప్రస్తుతం పన్నెండేళ్ళు నిండినందున తీసుకోలేము అని.

ఆ జవాబు పట్టుకుని మళ్ళీ పేటకి వెళ్ళాను. మా సహాయకుడు ఈసారి అడగకుండానే వెంట వచ్చారు. ఆ పిల్ల ఒడ్డున తట్టలో చేపలు సర్దుతోంది. నెత్తి మీద గుడ్డ చుట్ట అప్పటికే పెట్టుకుంది. నన్ను చూసి లేచి నిలబడింది. నా భుజం దాటి పెరిగింది.

"అయితే ఆ ఏడు నాకు పదకొండేనా టీచరమ్మా?"

"పదకొండేనమ్మా."

"నాను సెప్పాను కదా," అంది. కోపంగా అనలేదు. ఉన్నమాటే చెప్పింది.

అది నా చేతిలో కాగితం కేసి చూసింది. కళ్ళలో ఒక్క క్షణం పాత వెలుగు కనబడింది.

"ఇప్పుడెల్తే తీసుకుంతారా?"

ఆ ప్రశ్నకి జవాబు మా సహాయకుడు చెబుతారేమోనని ఆయన వైపు చూశాను. ఆయన సముద్రం కేసి తిరిగి నిలబడ్డారు. చెప్పాల్సింది నేనే.

"తీసుకోరమ్మా. ఇప్పుడు నీకు నిజంగానే పన్నెండు దాటాయి."

"ఓహో," అంది ఆ పిల్ల. వంగి తట్ట అందుకుంది. ఆయన చెయ్యి వేయబోతే వద్దని, తనే ఒక్క ఊపులో నెత్తికెత్తుకుని, మార్కెట్టుకి పోయే ఆడవాళ్ళ వెనక ఇసకలో పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.